స్కూల్ వాళ్ల ట్యూడర్ ట్రిప్‌కి పిల్లల్ని పంపడం దండగా?

తప్పకుండా పంపండి. ట్యూడర్ అంటే 16వ శతాబ్దంలో ఇంగ్లండ్‌ని ఏలిన రాజవంశం, ఆ కాలపు జీవితం చూపించే ట్రిప్ ఇది. "కోటా కాదు, రాజమహలూ కాదు, పాత రైతుల ఇళ్లు చూడ్డానికి అంత డబ్బెందుకు?" అని మీరు అడిగారు. అసలు చూడాల్సింది ఆ ఇళ్లనే.

మేం ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో ఉంటాం. మా అబ్బాయి క్లాసుని సింగిల్టన్‌లోని వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ అనే ఆరుబయలు మ్యూజియంకి తీసుకెళ్తే, పేరెంట్ హెల్పర్‌గా నేనూ వెళ్లాను. అక్కడ బేలీఫ్ అని 15వ శతాబ్దపు చెక్క ఇల్లు ఉంది. లోపల సామానంతా 1540 ప్రాంతంలో ఎలా ఉండేదో అలా సర్దారు. హాలు మధ్యలో నేల మీదే మంట. చిమ్నీ లేదు. కిటికీలకు అద్దాలు లేవు, చెక్క తలుపులే. పొగ కప్పు కింద సుళ్లు తిరుగుతుంటే పిల్లలంతా కళ్లు నులుముకున్నారు. మావాడు తలెత్తి చూసి, "దూలాలు ఎందుకంత నల్లగా ఉన్నాయి మమ్మీ?" అన్నాడు. క్లాసులో కూర్చుంటే ఆ ప్రశ్న పుట్టదు.

తర్వాత గోడ మెత్తించారు. నిలువు కర్రల మధ్య హేజెల్ కొమ్మలతో అల్లిన తడిక, దాని మీద గడ్డి కలిపిన మట్టి. అప్పట్లో పేడ కూడా కలిపేవారట. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పాకకి చేసినట్టే ముద్దని అరచేత్తో అదిమి పైకి లాగాను. నేర్పే ఆవిడ నా చెయ్యి చూసి, ఏమీ అనకుండా ఇంకో ముద్ద అందించింది.

వంటింట్లో బఠాణీలు, క్యాబేజీ, ఉల్లికాడలు వేసి ఉడికించిన జావ. బంగాళదుంప లేదు, టమాటా లేదు. ట్యూడర్ రాజు ఎనిమిదో హెన్రీ, మన శ్రీకృష్ణదేవరాయలు ఇద్దరూ 1509లోనే గద్దెనెక్కారు. అప్పటికి తెలుగు వంటింట్లోనూ మిరపకాయ లేదని చెబితే మావాడు నమ్మలేదు.

బురద అని వాట్సాప్ గ్రూపులో గోల చేసే తల్లిదండ్రుల్ని పట్టించుకోకండి. వెల్లీస్ (రబ్బరు బూట్లు), రెయిన్‌కోట్ చాలు. మా చిన్నప్పుడు ఎక్స్‌కర్షన్ అంటే బస్సు దిగి, లైన్లో నడిచి, ఫొటో దిగి మళ్లీ బస్సెక్కడమే. దేన్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

నన్ను నిజంగా కదిలించింది వేరే సంగతి. ఆ బేలీఫ్ ఉండాల్సిన చోటు కెంట్‌లోని బౌ బీచ్. 1960లలో అక్కడ రిజర్వాయర్ తలపెడితే, ఇంటిని కర్రకి కర్ర విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. ఒక రైతు ఇంటి కోసం అంత శ్రమ! శ్రీశైలం డ్యామ్ కట్టినప్పుడు మనమూ కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టాం. చేతకాక కాదు. మరి ఆ మునిగిన ఊళ్లలోని మట్టి మిద్దెల్లో ఒక్కటైనా దాచుకున్నామా? ఇవాళ ఉత్తరాంధ్ర చుట్టిల్లు, ఇకత్ నేతగాళ్ల ఇల్లు పిల్లలకి ఒకేచోట చూపించాలంటే చెన్నై దగ్గర దక్షిణచిత్రకి పోవాలి. పోలవరం ముంపు ప్రాంతంలో కోయల ఇళ్లు, కొండరెడ్ల ఇళ్లు ఉన్నాయి. వాటిలో రెండు మూడైనా జాగ్రత్తగా విప్పి, రాజమండ్రి దగ్గరో ఎక్కడో మళ్లీ కట్టమని ఎవరైనా గట్టిగా అడిగితే నేను సంతకం పెడతాను, చందా కూడా ఇస్తాను.