దడ లేదు, ఆయాసం లేదు.. అయినా రోజూ మాత్ర వేసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 67. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఉండేది గాజువాకలో. బీపీ, షుగర్ ఉన్నాయి, మందులు వాడుతున్నాను. కంటిశుక్లం ఆపరేషన్‌కని ఈసీజీ తీస్తే గుండె లయ తప్పింది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. ఎపిక్సాబాన్ 5 ఎంజీ రోజుకు రెండుసార్లు, ఎప్పటికీ వాడాలట. నాకు దడ, కళ్లు తిరగడం లాంటివేమీ లేవు. మొన్న సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచాను. వేసుకోవాల్సిందేనా? ఆస్పిరిన్ సరిపోదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వేసుకోవాల్సిందేనండీ. కొండ చుట్టూ నడిచొచ్చారంటే సంతోషం, నడక మానకండి. కానీ ఈ మాత్ర దడ తగ్గడానికి ఇచ్చింది కాదు, రక్తం గడ్డకట్టనీయకుండా చూసి పక్షవాతం రాకుండా ఇచ్చింది.

ఈ జబ్బులో గుండె పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతుంటాయి. ఎడమ పై గదికి చిన్న సంచిలాంటి మూల ఒకటి ఉంటుంది, కదపకుండా వదిలేసిన పాల మీద మీగడ కట్టినట్టు అక్కడ నిలిచిన రక్తం గడ్డకడుతుంది, ఆ ముక్క ఊడి మెదడుకు పోయిందంటే మాట, చెయ్యి పడిపోతాయి. ఈ ముప్పు మామూలు వాళ్లకంటే సుమారు 5 రెట్లు ఎక్కువ. మీకు దడ తెలుస్తోందా లేదా అన్నదానితో ఆ గడ్డకు పనిలేదు. చాలామందికి మీలాగే వేరే పనికి ఈసీజీ తీసినప్పుడే బయటపడుతుంది.

మేం ముప్పును పాయింట్లతో లెక్కేస్తాం. 65 దాటినందుకు 1, బీపీకి 1, షుగర్‌కి 1, మీకు మొత్తం 3. మగవారికి 2 వస్తేనే మందు మొదలుపెడతాం. ఆస్పిరిన్ ఇక్కడ పెద్దగా పనిచేయదు, రక్తస్రావం మాత్రం తెచ్చిపెడుతుంది.

ఒకసారి మణికట్టు మీద, బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి ఒక నిమిషం నాడి చూడండి. రెండు గబగబా, ఒక ఖాళీ, ఒకటి గట్టిగా, మరొకటి తగిలీ తగలనట్టు, ఏ తాళానికీ అందకుండా కొట్టుకుంటుంది, అదే ఇది.

ఎకో (గుండె స్కానింగ్), థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు ఇంకా కాకపోతే చేయించుకోండి. గురక ఎక్కువైతే డాక్టరుకు చెప్పండి, అదీ ఒక కారణమే (ఈ సంగతి మనకంటే ఇంట్లోవాళ్లకే బాగా తెలుస్తుంది). మాత్ర ప్రభావం ఒక రోజులోనే దిగిపోతుంది కాబట్టి పూట తప్పకండి. మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, రెండు పూటలవీ కలిపి మాత్రం వద్దు. మోకాళ్ల నొప్పులని మందుల షాపులో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు అడిగి తెచ్చుకోవడం ఇక మానాలి, ఈ మాత్రతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మలం నల్లగా వచ్చినా (లోపల రక్తస్రావానికి గుర్తు), తలకు దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి లేవకపోయినా తగ్గుతుందిలే అని చూడకుండా 108కి ఫోన్ చేయించండి, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు.

ఇక కంటి ఆపరేషన్. శుక్లానికి ఈ మాత్ర ఆపాల్సిన అవసరం సాధారణంగా రాదు. కంటి డాక్టరుకు వాడుతున్న సంగతి చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. గుండె డాక్టరు సరేనంటే డేట్ తీసేసుకోండి.