కొత్త ఫోను మోజు పది రోజులకే ఎందుకు తీరింది?

అరవై వేల ఫోనును నెలకు 5,000 వాయిదాతో కొన్నారు, పది రోజులకే మోజు తీరింది, ఇప్పుడు బైక్ మారిస్తే మనసు కుదుటపడుతుందా అని అడిగారు. పడదండీ. ఇంకో వాయిదా మాత్రం చేరుతుంది.

లోపం మీది కాదు, ఫోనుదీ కాదు. రోజూ చేతిలో ఉండే వస్తువుకు మనసు ఇట్టే అలవాటు పడుతుంది, వాయిదాకు మాత్రం అలవాటు పడదు. అందుకే వరుస తిరగేయండి: ముందు డబ్బు, తర్వాత కొనుగోలు. నాలుగేళ్ల క్రితం అమ్మానాన్నలను అరకు తీసుకెళ్లడానికి ఆరు నెలలు కూడబెట్టాను. రైల్లో కిటికీ పక్క సీటు కోసం నాన్న వేసిన లెక్కలు, బొర్రా గుహల మెట్ల దగ్గర అమ్మ పెట్టిన పేచీ ఇప్పటికీ మా ఇంట్లో నవ్వులే. ఆ ఏడాదే కొన్న టీవీ ఊసు ఎవరూ ఎత్తరు!

డబ్బు ఎవరి కోసం పెడతామన్నదీ ముఖ్యమే. 2008లో ‘సైన్స్’ అనే పరిశోధన పత్రికలో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ డన్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. కొందరికి 5, కొందరికి 20 డాలర్లు ఇచ్చి సాయంత్రంలోగా కొందరిని తమ కోసం, కొందరిని ఇతరుల కోసం ఖర్చుపెట్టమన్నారు. ఇతరుల కోసం పెట్టినవారే ఎక్కువ సంతోషంగా ఉన్నారు, ఇచ్చింది 5 డాలర్లా, 20 డాలర్లా అన్నదానితో తేడా రాలేదు. పాల్గొన్నది 46 మందే, కాబట్టి మరీ వేదవాక్కు అనుకోకండి.

పాత బైక్‌తో రోజూ నడుము నొప్పి వస్తుంటే మాట వేరు, అది అవసరం. లేదంటే ఫోను వాయిదాలు తీరాక అదే తేదీన ఆ 5,000 రికరింగ్ డిపాజిట్‌లోకి మళ్లించండి. ఆరు నెలల్లో 30,000 అవుతాయి. అప్పటికీ బైక్ మీదే మనసుంటే నిశ్చింతగా కొనుక్కోండి.