ఫార్మాట్ చేయించినా నత్తనడకేనా?

ఈ వారం వచ్చిన సందేహాల్లో చాలావాటికి కథ ఒక్కటే. కంప్యూటర్ నెమ్మదించింది, దుకాణానికి తీసుకెళ్లారు, ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేశారు, డబ్బులు తీసుకున్నారు, ఇంటికి తెచ్చి చూస్తే మళ్లీ అదే తంతు. మన దగ్గర ఫార్మాట్ సర్వరోగ నివారిణి అయిపోయింది. వైరస్ చేరినా, విండోస్ ఫైళ్లు పాడైనా ఫార్మాట్ పనిచేస్తుంది, కాదనను. లోపం డిస్కులోనో, డ్రైవర్లోనో (ప్రింటర్, తెర వంటివాటిని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాం), చివరికి ఛార్జర్‌లోనో ఉంటే విండోస్‌ను ఎన్నిసార్లు వేసినా ఫలితం ఉండదు.

ప్రశ్న: 2017లో కొన్న ల్యాప్‌టాప్. ఐ5 ఏడో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10కు కాలం చెల్లిందంటూ దుకాణంలో విండోస్ 11 వేశారు. వర్డ్ ఫైలు ఒకటి తెరుచుకునేలోగా టీ తాగి రావచ్చు. మళ్లీ ఫార్మాట్ చేద్దాం, ఈసారి సరిపోతుందంటున్నారు. చేయించమంటారా? – జూనియర్ కళాశాల అధ్యాపకుడు, హనుమకొండ

జవాబు: వద్దు. ఇంకోసారి ఫార్మాట్ చేయించే ముందు రెండు విషయాలు చూడాలి.

మొదటిది ఓపిక. కొత్తగా వేసిన విండోస్ మొదటి ఒకటి రెండు రోజులు తెర వెనుక తీరిక లేకుండా ఉంటుంది. అప్‌డేట్లు దించుకుంటుంది, వెతుకులాట కోసం మీ ఫైళ్లన్నిటికీ సూచిక తయారు చేసుకుంటుంది, విండోస్‌తోనే వచ్చే వైరస్ కాపలాదారు డిఫెండర్ ఒక్కో ఫైలునూ తనిఖీ చేస్తుంది, మీ ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే వన్‌డ్రైవ్ ఆన్‌లో ఉంటే పాత ఫోల్డర్లన్నిటినీ సరిచూసుకోవడం మొదలుపెడుతుంది. స్లీప్ ఆపేసి, ఛార్జర్ పెట్టి, వైఫైకి కలిపి ఒక రాత్రంతా వదిలేయండి. ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొచ్చేవారికి రోజువారీ డేటా అయిపోయిన ప్రతిసారీ ఈ పని మధ్యలో ఆగి, మర్నాడు మళ్లీ మొదలవుతుంది. అందుకే కొందరికి ఈ 'మొదటి రోజు' వారాల తరబడి సాగుతుంది. బ్రాడ్‌బ్యాండ్ ఉన్న బంధువుల ఇంట్లో ఒక రాత్రి పెట్టినా చాలు.

ఆ తర్వాత కూడా మార్పు లేకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. సీపీయూ (ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్ అనే మూడు వరుసల్లో ఏది వందకు అంటుకుని కూర్చుందో చూడండి. మీ ల్యాప్‌టాప్ వివరాలను బట్టి అది డిస్కే అయి ఉంటుందని నా అనుమానం. పెర్ఫార్మెన్స్ విభాగంలో డిస్క్ 0 మీద నొక్కితే అది హెచ్‌డీడీయో (తిరిగే హార్డ్ డిస్క్) ఎస్ఎస్‌డీయో (చిప్‌లతో పనిచేసే వేగమైన రకం) అక్కడే రాసి ఉంటుంది. దాని కింద 'యావరేజ్ రెస్పాన్స్ టైమ్' అనే అంకె ఉంటుంది. అడిగిన సమాచారం ఇవ్వడానికి డిస్కుకు ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో అది చెబుతుంది. పది, ఇరవై ఉంటే బెంగ లేదు. వందల్లో నిలబడిపోయిందంటే, పక్కనే చదివే వేగం సెకనుకు ఒకటి రెండు ఎంబీలే ఉందంటే, డిస్కు ఊపిరాడక కొట్టుకుంటోందని అర్థం.

ఎందుకిలా? ల్యాప్‌టాప్‌లలో వాడే హార్డ్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరిగే రకం. ఒకే పెద్ద సినిమా ఫైలును కాపీ చేసేటప్పుడు సెకనుకు వంద ఎంబీల దాకా ఇస్తాయి. విండోస్ అడిగేవేమో డిస్కు నలుమూలలా చెదిరిన వేల చిన్న చిన్న ఫైళ్లు. ఒక్కోదాని కోసం లోపలి సూది అటూ ఇటూ జరగాలి. ఆ పనిలో దాని వేగం సెకనుకు ఒక ఎంబీకి అటూ ఇటూగా పడిపోతుంది. విండోస్ 7 కాలంలో ఇది సరిపోయింది. 10, 11 రకాలు తెర వెనుక చేసే పనికి హార్డ్ డిస్క్ చాలదు. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగాలే లేవు కాబట్టి ఈ బెడద ఉండదు.

డిస్కు నెమ్మదైనదా, చావుకు దగ్గరైనదా అన్నది కూడా తేల్చుకోవాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసి చూడండి. నీలం రంగులో 'గుడ్' అని వస్తే ప్రస్తుతానికి ఇబ్బంది లేదు. పసుపు రంగులో 'కాషన్' అని వచ్చి, 05 లేదా సీ5 వరుసలో సున్నా కాకుండా వేరే అంకె ఉంటే డిస్కులో కొన్ని చోట్లు పాడయ్యాయన్నమాట. పాడైన చోటును చదవడానికి డిస్కు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఆ కాసేపు కంప్యూటర్ బిగుసుకుపోతుంది. అలాంటి డిస్కు మీద మరో ఫార్మాట్ అంటే దానికి ఇంకో పెద్ద భారం మోపడమే. ప్రశ్నపత్రాలు, ఫొటోలు ముందు బయటి డిస్కులోకి తీసుకోండి. తక్కినవి తర్వాత.

మీకు నా సలహా 2.5 అంగుళాల సాటా (మీ హార్డ్ డిస్కుకు ఉన్న కనెక్షన్ రకమే) ఎస్ఎస్‌డీ. 256 జీబీదైనా చాలు, పాత హార్డ్ డిస్కు బాగుంటే దాన్ని యూఎస్‌బీ పెట్టెలో పెట్టి బయటి డిస్కుగా వాడుకోవచ్చు. అప్పటి ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఎం.2 స్లాటు (సన్నని పట్టీలాంటి ఎస్ఎస్‌డీ పెట్టే చోటు) కూడా ఉంటుంది. ఉన్నా అందులో సాటా రకమే పడుతుందా, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం పడుతుందా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. కొనే ముందు మోడల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

ఇక ఆ విండోస్ 11 సంగతి. ల్యాప్‌టాప్‌లలో వాడే ఇంటెల్ ఐ5లలో ఎనిమిదో తరం నుంచే మైక్రోసాఫ్ట్ అధికారికంగా అనుమతిస్తుంది. మీది ఏడో తరం. ప్రాసెసర్ తరాన్ని చూసే తనిఖీని దాటవేసే పద్ధతిలో వేసి ఉంటారు. నడుస్తుంది గానీ అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసిన మాట నిజమే. ఇళ్లలో వాడేవారికి అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం గడువు మాత్రం 2026 అక్టోబరు 13. ఇది దుకాణంలో చెప్పి ఉండాల్సింది.

ఇంకో ముఖ్యమైన తనిఖీ. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరిచి మీ విండోస్ ఎడిషన్ (రకం) హోమ్ అని ఉందా, ప్రో అని ఉందా చూడండి. అసలు విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌లకు విండోస్ 8 నుంచీ లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే ఎవరి ప్రమేయం లేకుండా దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. చాలా దుకాణాల్లో అందరికీ ఒకే పెన్‌డ్రైవ్‌తో ప్రో వేసేస్తారు. హోమ్ కీ దానికి పనికిరాదు. అప్పుడు దొంగ యాక్టివేటర్ నడుపుతారు, అది పనిచేయడానికి డిఫెండర్‌ను ఆపేస్తారు. డబ్బిచ్చి కొన్న లైసెన్సు అటకెక్కి, దాని స్థానంలో ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాం కూర్చుంటుంది. అందులో ఏం కలిపారో, మీ సీపీయూను దేనికి వాడుతోందో ఎవరికి తెలుసు? విండోస్ మళ్లీ వేయాల్సి వస్తే మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్ నుంచి దించిన దానితోనే, మీ ఎడిషనే వేయమని గట్టిగా అడగండి.

ప్రశ్న: ఏనుమాముల మార్కెట్‌లో మాది అడ్తి (కమిషన్) దుకాణం. కంప్యూటర్‌లో లెక్కల కోసం టాలీ, డాట్ మాట్రిక్స్ ప్రింటర్ మీద తక్‌పట్టీలు (రైతులకిచ్చే అమ్మకం చీటీలు), అంతే పని. విండోస్ మళ్లీ వేయించాక బ్రౌజరు, టాలీ రెండూ తెరిస్తే కంప్యూటర్ కదలదు. ర్యామ్ 8 జీబీ ఉంది. – ఒక అడ్తి వ్యాపారి, వరంగల్

జవాబు: సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆ తర్వాత అబౌట్ తెరవండి. ర్యామ్ 8 జీబీ అని రాసి పక్కనే మూడు జీబీల చిల్లర మాత్రమే వాడకానికి ఉందని చూపిస్తుంటే, కిందే '32 బిట్' అని కూడా కనిపిస్తుంది. 32 బిట్ విండోస్ 4 జీబీకి మించి వాడలేదు, అందులోనూ కొంత గ్రాఫిక్స్ వంటివాటికి పోతుంది. తక్కిన ర్యామ్ ఊరికే ఉన్నట్లు.

ప్రింటర్ పాతది, దాని సీడీలో 32 బిట్ డ్రైవరే ఉంది కాబట్టి అలా వేసి ఉంటారు. 64 బిట్ విండోస్ మీద 32 బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి, డ్రైవర్లు మాత్రం నడవవు. అయితే చాలా డాట్ మాట్రిక్స్ ప్రింటర్లకు 64 బిట్ డ్రైవరు కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ముందు అది దించి పెట్టుకోండి. 32 నుంచి 64కు నేరుగా మారే వీలు లేదు, విండోస్ కొత్తగా వేయాల్సిందే. అంటే ఫార్మాట్ నిజంగా అవసరమైనది మీకే! టాలీ డేటా ఫోల్డరును రెండు చోట్ల కాపీ చేసుకుని, అందులో ఒక కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశాకే చేయించండి. మిర్చి సీజన్‌లో మాత్రం ఈ పని పెట్టుకోకండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ పాత ఛార్జర్ కాలిపోతే బయట ఒకటి కొన్నాను. అప్పటి నుంచి మౌసు కదిలించినా ఆలస్యమే. విండోస్ వేయించినా మార్పు లేదు. ఎస్ఎస్‌డీ ఉంది. – సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని

జవాబు: కారణాన్ని మీరే రాసేశారు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ మీద నొక్కి 'స్పీడ్' చూడండి. ఎంత పని ఇచ్చినా 0.4, 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతోందా? ఇప్పుడు ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. వేగం ఒక్కసారిగా పెరిగితే దొంగ దొరికినట్లే. కొన్ని కంపెనీల ఛార్జర్ ప్లగ్గు మధ్యలో సన్నని పిన్ ఉంటుంది. ఛార్జర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పేది అదే. నకిలీ ఛార్జర్ ఆ సంగతి చెప్పలేకపోతే, కరెంటు చాలదేమోనన్న భయంతో ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌ను కట్టేస్తుంది, బ్యాటరీని ఛార్జ్ చేయడమూ మానేస్తుంది. ఆన్ చేయగానే ఛార్జర్‌ను గుర్తించలేకపోయానని ఇంగ్లిషులో ఒక సందేశం కూడా వస్తుంది. మనం ఎంటర్ కొట్టి దాటేస్తాం. పాత ఛార్జర్ మీద రాసి ఉన్నన్ని వాట్లు గల అసలైనది కొనండి.

ఆన్ చేసిన పది నిమిషాల దాకా బాగుండి, ఫ్యాను మోత మొదలయ్యాక వేగం పడిపోతుంటే మాత్రం అది వేడి. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. మే నెలలో గది లోపలే నలభై దాటే రామగుండం ప్రాంతంలో, పైగా బొగ్గు దుమ్ములో, ఏడాదికోసారైనా ఫ్యాను శుభ్రం చేయించి థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటికి పంపే జిగురులాంటి పూత) మార్పించాలి.

ప్రశ్న: డెస్క్‌టాప్‌కు కొత్త ఎస్ఎస్‌డీ పెట్టించి విండోస్ కూడా వేయించాను. వేగంలో తేడా సున్నా. మోసపోయానా? – డిగ్రీ విద్యార్థిని, పరకాల

జవాబు: టాస్క్ మేనేజర్‌లో 'సీ' (విండోస్ ఉండే భాగం) అనే అక్షరం ఏ డిస్కు పక్కన ఉందో చూడండి. అది హెచ్‌డీడీ పక్కన ఉంటే విండోస్ మళ్లీ పాత డిస్కులోకే ఎక్కింది, కొత్తది ఖాళీగా కూర్చుంది. హార్డ్ డిస్కు కేబుల్ తీసేసి, ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంచి విండోస్ వేయించండి. తర్వాత కేబుల్ పెట్టి, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎస్ఎస్‌డీ మొదట ఉండేలా మార్చాలి. రెండూ కలిపి ఉంచి వేస్తే విండోస్‌ను లేపే బూట్ ఫైళ్లు పాత డిస్కులోకి పోయే ప్రమాదం ఉంది. అప్పుడు పాత డిస్కు పోయిన రోజున ఎస్ఎస్‌డీ బాగున్నా కంప్యూటర్ లేవదు.

ప్రశ్న: విండోస్ వేశాక అక్షరాలు సాగినట్లు పెద్దగా ఉన్నాయి, వీడియోలు ఆగి ఆగి వస్తున్నాయి. – మంచిర్యాల

జవాబు: గ్రాఫిక్స్ డ్రైవర్ వేయలేదు. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. డిస్‌ప్లే అడాప్టర్స్ కింద 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే వీడియో భారమంతా సీపీయూ మోస్తోంది. విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో ఆప్షనల్ అప్‌డేట్స్‌లో డ్రైవరు దొరకవచ్చు. దొరకకపోతే మోడల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌కు వెళ్లి ముందు చిప్‌సెట్ (మదర్‌బోర్డు) డ్రైవరు, తర్వాత గ్రాఫిక్స్ డ్రైవరు వేసి రీస్టార్ట్ చేయండి. అన్ని డ్రైవర్లూ ఒక్క నొక్కుతో వేస్తామనే ఉచిత ప్రోగ్రాముల జోలికి పోకండి. అవి డ్రైవరుతో పాటు అడగని సామాను కూడా నాలుగైదు వేస్తాయి.