యూనిట్ అంటే ఏమిటో ముందు అడగండి

ఆఫీసులోని సాఫ్ట్‌వేర్లను ఒకదానితో ఒకటి కలిపి, ఎంట్రీలు వాటంతటవే పడేలా చేసే ప్లాట్‌ఫామ్‌ల ఖర్చు గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మాది రొయ్యల ప్రాసెసింగ్, ఎగుమతి సంస్థ. రోజుకు సుమారు 120 కాటా చీటీలు వస్తాయి, సీజన్ మూడు నెలలూ రెట్టింపు. కాటా దగ్గరి సాఫ్ట్‌వేర్‌లో చీటీ పడగానే టాలీలో కొనుగోలు వోచర్ రావాలి, బ్యాంకు చెల్లింపుల ఫైలులో ఆ వరుస చేరాలి, రైతుకు వాట్సాప్ సందేశం వెళ్లాలి. ఇద్దరు కోట్ ఇచ్చారు. ఒకరు నెలకు 25,000 యూనిట్లు, ఏడాదికి 3.60 లక్షలు, దాటితే ప్రతి వెయ్యికీ 1,500 రూపాయలు అన్నారు. రెండోవారు ఎన్నిసార్లు నడిపినా ఏడాదికి 7.50 లక్షలు అన్నారు. నెలకు మా చీటీలు 3,120 కాబట్టి మొదటిది ధారాళంగా సరిపోతుందని చెబుతున్నారు. నిజమేనా?
– అకౌంట్స్ మేనేజర్, నెల్లూరు

జవాబు: సరిపోదు. వాళ్లు లెక్కపెట్టేది చీటీలను కాదు, ఒక్కో చీటీ మీద జరిగే పనులను. మీ చీటీని కాగితం మీద విడదీసి చూడండి. చీటీని చదవడం ఒకటి. ఆ నంబరు ఇంతకుముందే ఎక్కిందా అని చూడడం ఒకటి. చీటీలో సగటున మూడు కౌంట్లు (కిలోకు ఎన్ని రొయ్యలు అనే సైజు రకాలు) ఉంటాయనుకుంటే, కౌంటు వారీ రేటు తీయడం మూడు. టాలీ వోచర్ ఒకటి, బ్యాంకు ఫైలులో వరుస ఒకటి, సందేశం ఒకటి. మొత్తం ఎనిమిది. రోజుకు 120 చీటీలు, నెలకు 26 పనిదినాలు అంటే 24,960 యూనిట్లు. సీజన్‌లో 49,920.

ఇంకొకటి ఉంది. కొత్త చీటీ వచ్చిందా అని ప్లాట్‌ఫామ్ అయిదు నిమిషాలకోసారి కాటా సాఫ్ట్‌వేర్‌ను అడుగుతూ ఉంటే రోజుకు 288 సార్లు, 30 రోజులకు 8,640 సార్లు. ఏమీ దొరక్కుండా తిరిగివచ్చినా కొన్ని ప్లాట్‌ఫామ్‌లు దాన్ని లెక్కలో వేస్తాయి. అప్పుడు మామూలు నెలలో 33,600, సీజన్ నెలలో 58,560 అవుతాయి. 25,000 దాటిన భాగాన్ని వేలల్లోకి పైకి సవరించి వెల కడితే మామూలు నెలకు 13,500, సీజన్ నెలకు 51,000 రూపాయలు. తొమ్మిది నెలలు, మూడు నెలలు కలిపితే అదనం 2,74,500. అంటే మీ 3.60 లక్షల కోట్ 6,34,500కు చేరింది.

దీన్ని తగ్గించే దారి ఉంది. ప్లాట్‌ఫామ్ వచ్చి అడగక్కర్లేకుండా, చీటీ పడగానే కాటా కంప్యూటరే దాన్ని పంపేలా చిన్న స్క్రిప్ట్ పెట్టించండి. దీన్ని వెబ్‌హుక్ అంటారు. 8,640 మొత్తం పోతుంది, మామూలు నెలల్లో అదనం ఉండదు, సీజన్ అదనం నెలకు 37,500కు దిగుతుంది. ఏడాది మొత్తం 4,72,500. ఈ ఒక్క మార్పుతో 1,62,000 మిగులుతుంది. అయితే మామూలు నెలలో మీకు మిగిలే జాగా 40 యూనిట్లే. నెట్ పోయి మళ్లీ పంపినవి కలిస్తే అది నిలవదు. అందుకని తొమ్మిది నెలలకూ తలా ఒక వెయ్యి యూనిట్లు, అంటే 13,500 రూపాయలు బడ్జెట్‌లో కలుపుకోండి. ఇదే ప్లాట్‌ఫామ్ మీద రేపు ఇన్‌వాయిస్‌లు, షిప్పింగ్ కాగితాలు కూడా నడపాలనుకుంటే రెండో కోట్ చవక అయ్యే అవకాశం ఎక్కువ. రాబోయే రెండేళ్లలో ఏమేం కలపబోతున్నారో రాసుకున్నాకే తేల్చుకోండి.

యూనిట్ అర్థం ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటుంది. జాపియర్ అనే ప్లాట్‌ఫామ్‌లో ట్రిగ్గర్‌కు (పనిని మొదలుపెట్టే సంఘటనకు) లెక్క లేదు, విజయవంతంగా పూర్తయిన యాక్షన్‌కే (ఆ తర్వాత చేసే ఒక్కో పనికే) టాస్క్ పడుతుంది, అక్కడ యూనిట్ పేరు అదే. మేక్ అనే మరో ప్లాట్‌ఫామ్‌లో కొత్త డేటా ఉందా అని చూసిరావడం కూడా లెక్కలోకి వస్తుంది. ఎన్8ఎన్ అనే ఇంకో ప్లాట్‌ఫామ్ క్లౌడ్ సేవలో వర్క్‌ఫ్లో (కలిపి పెట్టిన పనుల వరుస) మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడిస్తే, మధ్యలో ఎన్ని మెట్లున్నా ఒకటే ఎగ్జిక్యూషన్. అక్కడ అరగంటకోసారి చీటీలన్నీ కట్టగా పంపితే 30 రోజులకు 1,440 ఎగ్జిక్యూషన్లతో పని అయిపోతుంది. కాకపోతే కట్టలో ఒక చీటీ తప్పుగా ఉంటే మిగతావి ఆగిపోకుండా, ఆ ఒక్కదాన్ని పక్కన పెట్టి ముందుకు సాగేలా రాయించుకోవాలి. పేరుకు అన్నీ ఒకేలా కనిపించే ప్లాన్లలో అసలు తేడా ఇదే. అందుకే అమ్మేవారిని ‘మా ఒక చీటీకి మీ లెక్కలో ఎన్ని యూనిట్లు? విఫలమైనదానికి పడుతుందా? మళ్లీ ప్రయత్నిస్తే పడుతుందా?’ అని అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. రెండోవారి ‘ఎన్నిసార్లయినా’ అనే మాటను కూడా అంతే గట్టిగా అడగాలి. కలపగల సాఫ్ట్‌వేర్ల సంఖ్య మీదా, ఏకకాలంలో నడిచే వాటి మీదా పరిమితి ఉండవచ్చు.

కోట్‌లో కనిపించని ఖర్చులు మరికొన్ని. టాలీప్రైమ్ బయటి సాఫ్ట్‌వేర్‌తో హెచ్‌టీటీపీ మీద ఎక్స్‌ఎంఎల్ రూపంలో మాట్లాడుతుంది. మామూలుగా వాడే పోర్టు (కంప్యూటర్‌లోకి డేటా వచ్చే ద్వారం) 9000. ఆ కంప్యూటర్ నడుస్తూ ఉండాలి, టాలీలో మీ కంపెనీ తెరిచి ఉండాలి. రాత్రి ఎవరో టాలీ మూసి వెళితే ఆ తర్వాతి చీటీలన్నీ విఫలమవుతాయి. కాబట్టి దానికంటూ ఒక కంప్యూటర్, యూపీఎస్, అవసరాన్ని బట్టి అదనపు టాలీ లైసెన్సు లెక్కలో వేయాలి. పని తేలికవుతుందని ఆ పోర్టును ఇంటర్నెట్‌కు తెరవనివ్వకండి. లోపలి కంప్యూటరే బయటికి కనెక్ట్ అయ్యే ఏజెంట్ పద్ధతి అడగండి. వాట్సాప్‌కు ప్లాట్‌ఫామ్ రుసుము వేరు, సందేశం ఖర్చు వేరు. 2025 జులై 1 నుంచి వాట్సాప్ యజమాని మెటా, టెంప్లేట్ సందేశాలకు (ముందే ఆమోదం పొందిన నమూనా సందేశాలకు) సందేశం చొప్పున వసూలు చేస్తోంది.

చీటీ నంబరు ఇంతకుముందే ఎక్కిందా అని చూసే మెట్టును యూనిట్లు మిగుల్చుకోవడానికి తీసేయమని ఎవరన్నా ఒప్పుకోకండి. వోచర్ టాలీలో పడుతుంది, ‘పడింది’ అనే సమాధానం తిరిగివచ్చేలోపు నెట్ పోతుంది. ప్లాట్‌ఫామ్ విఫలమైందనుకుని మళ్లీ పంపుతుంది. ఒకే చీటీకి రెండు వోచర్లు, బ్యాంకు ఫైలులో రెండు వరుసలు, రైతుకు రెండుసార్లు డబ్బు. అలా రెండుసార్లు వెళ్లిన ఒక్క చెల్లింపు ముందు ఏడాది పొడుగునా మిగిల్చిన యూనిట్లు లెక్కలోకి రావు. బ్యాంకు ఫైలు తయారయ్యేంత వరకే ఆటోమేషన్ ఉంచండి. అప్‌లోడ్, ఆమోదం మనిషి చేతిలోనే ఉండాలి.

ప్రశ్న: చీమకుర్తిలో మాకు గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. ఎన్8ఎన్ ఉచితమని, ఆఫీసులో పాత కంప్యూటర్ మీద వేసి ఈ-ఇన్‌వాయిస్‌లు ఆటోమేటిక్‌గా చేయిస్తామని, పెట్టేటప్పుడు ఒకసారి ఫీజు ఇస్తే చాలని ఒక కుర్రాడు చెబుతున్నాడు. తర్వాత ఖర్చేమీ ఉండదా?
– ఫ్యాక్టరీ భాగస్వామి, ఒంగోలు

జవాబు: లైసెన్సు వరకు ఆయన చెప్పింది సరైనదే. మీ సంస్థ సొంత పనులకు వాడుకుంటే ఎన్8ఎన్ కమ్యూనిటీ ఎడిషన్‌కు (సొంత సర్వర్‌లో వేసుకునే ఉచిత వెర్షన్‌కు) రుసుము లేదు. ఖర్చంతా దాన్ని బతికించుకోవడంలో ఉంది.

పాత కంప్యూటర్ వద్దు. కరెంటు, డిస్కు, ఆఫీసు నెట్ – ఈ మూడింటిలో ఏది పోయినా ఇన్‌వాయిస్ ఆగుతుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న చిన్న క్లౌడ్ సర్వర్ తీసుకుని, డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్ పెట్టించండి. రోజూ బ్యాకప్ వేరేచోటికి వెళ్లాలి. ఇందులో చాలామంది వదిలేసేది ఎన్‌క్రిప్షన్ కీ. ఎన్8ఎన్ మొదటిసారి నడిచినప్పుడు ఆ కీని తయారుచేసి కాన్ఫిగ్ ఫైలులో పెడుతుంది. మీ పాస్‌వర్డ్‌లు, టోకెన్లు అన్నీ దానితోనే దాచబడతాయి. డేటాబేస్ బ్యాకప్ ఉండి కీ లేకపోతే వర్క్‌ఫ్లోలు తిరిగివస్తాయి గానీ లాగిన్ వివరాలు తెరుచుకోవు, అన్నీ మళ్లీ కొట్టాలి. పని అప్పగించుకునే రోజే ఆ కీ కాపీ యజమాని దగ్గరికి రావాలి.

నడిచిన వాటి రికార్డులు మామూలు సెట్టింగ్‌లో 336 గంటలు, అంటే 14 రోజులు దాటాక తొలగిపోతాయి. అందుకని 64 అక్షరాల ఐఆర్‌ఎన్ (ప్రతి ఈ-ఇన్‌వాయిస్‌కు పోర్టల్ ఇచ్చే గుర్తింపు సంఖ్య), సంతకం చేసిన క్యూఆర్ కోడ్, ప్రభుత్వ పోర్టల్ నుంచి వచ్చిన సమాధానం వెంటనే మీ అకౌంట్స్‌లో కానీ వేరే టేబుల్‌లో కానీ భద్రం కావాలి.

ఈ-ఇన్‌వాయిస్‌లో తప్పు ఖరీదు వేరే పనులకంటే ఎక్కువ, అందుకే ఇక్కడ నెమ్మదిగా వెళ్లమంటున్నాం. 5 కోట్లు దాటిన టర్నోవర్‌కు 2023 ఆగస్టు 1 నుంచి ఇది తప్పనిసరి. 10 కోట్లు, ఆపైన ఉన్నవారు ఇన్‌వాయిస్ తేదీ నుంచి 30 రోజుల్లోపు నమోదు చేయాలన్న నియమం 2025 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. గడువు దాటితే పోర్టల్ తీసుకోదు. ఆటోమేషన్ చప్పుడు లేకుండా ఆగిపోతే మీకు తెలిసేసరికి రోజులు గడిచిపోవచ్చు. ఐఆర్‌ఎన్ రద్దుకు 24 గంటలే సమయం, తర్వాత క్రెడిట్ నోట్ దారే. స్లాబ్ కొలత తప్పుగా పడిన ఇన్‌వాయిస్ శనివారం మధ్యాహ్నం వెళ్లి, సోమవారం ఎవరో చూస్తే రద్దు చేసే వీలుండదు. కాబట్టి ముందు సాండ్‌బాక్స్‌లో (పరీక్షలకు ఉన్న నమూనా పోర్టల్‌లో) రెండు వారాలు నడపండి: దేశీయ అమ్మకం, ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీపత్రం) మీద ఎగుమతి, క్రెడిట్ నోట్, పిన్‌కోడ్ తప్పున్న కొనుగోలుదారు, తప్పు జీఎస్‌టీఐఎన్ (జీఎస్‌టీ నంబరు) – ఇన్ని రకాలూ రావాలి. విఫలమైతే వెంటనే ఫోన్‌కు కబురు రావాలి. దానితోపాటు, రోజూ సాయంత్రం ‘టాలీలో ఇన్ని ఇన్‌వాయిస్‌లు, ఐఆర్‌ఎన్‌లు ఇన్ని’ అని పోల్చి చెప్పే సందేశం ఒకటి పెట్టించండి. మొత్తం సర్వరే పడిపోతే విఫలమైన కబురు కూడా రాదు. సాయంత్రం సందేశం రాకపోవడమే అప్పుడు మీకు హెచ్చరిక. ఈ-ఇన్‌వాయిస్ ఏపీఐని (సాఫ్ట్‌వేర్ నేరుగా పోర్టల్‌తో మాట్లాడే దారిని) జీఎస్‌పీ, అంటే జీఎస్‌టీ పోర్టల్‌కు అనుసంధాన సేవ ఇచ్చే సంస్థ ద్వారా తీసుకుంటే వారి రుసుము అదనం.

ఆ కుర్రాడికి ఒకసారి ఇచ్చే ఫీజు తగ్గించి, నెలవారీ నిర్వహణ ఒప్పందం రాసుకోండి. వెర్షన్ అప్‌డేట్, మూడు నెలలకోసారి బ్యాకప్ నుంచి వేరే సర్వర్‌లో తిరిగి నిలబెట్టి చూపించడం, ఎన్ని గంటల్లో స్పందించాలి అన్నవి అందులో ఉండాలి. పని చేసినవారికి జీతంలాగే ఇది న్యాయమైన ఖర్చు. దీన్ని కూడా లెక్కలో వేశాకే క్లౌడ్ ప్లాన్‌తో పోల్చండి.

ప్రశ్న: విదేశీ ప్లాట్‌ఫామ్‌కు డాలర్లలో కడితే వెబ్‌సైట్‌లో ఉన్న ధర మీద ఇంకేం పడతాయి?
– రైస్ మిల్ యజమాని, కోవూరు

జవాబు: కార్డు మీద కడితే బ్యాంకు విదేశీ మారకపు మార్కప్, దానిపై జీఎస్‌టీ. సేవ దిగుమతి కాబట్టి రివర్స్ చార్జ్ (అమ్మినవారికి బదులు కొన్నవారే పన్ను కట్టే పద్ధతి) కింద 18 శాతం ఐజీఎస్‌టీ మీరే నగదుగా కట్టాలి, దాన్ని క్రెడిట్ లెడ్జర్ నుంచి సర్దడం కుదరదు. కట్టిన తర్వాత అర్హత మేరకు ఐటీసీ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నుకు వచ్చే క్రెడిట్) తీసుకోవచ్చు. అకౌంట్‌లో జీఎస్‌టీఐఎన్ ఇవ్వకపోతే కంపెనీ మిమ్మల్ని సాధారణ వినియోగదారుగా చూసి తానే పన్ను వేస్తుంది, ఆ మొత్తానికి క్రెడిట్ రాదు. ఖాతా యజమాని సొంత పేరున కాకుండా సంస్థ పేరున తెరవండి. ఆటోమేటిక్ కార్డు చెల్లింపు మామూలుగా 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ అవసరం. ఆ ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుందో చూసుకోండి, ఆ నెల చెల్లింపు తప్పితే వర్క్‌ఫ్లోలు నిలిచిపోతాయి. బియ్యం బస్తాల మీద పన్ను లేని అమ్మకాలు మీకు ఉంటే, వాటి వాటా మేరకు ఐటీసీ వెనక్కివ్వాలి గనక ఆ భాగాన్ని నేరుగా ఖర్చుగానే రాసుకోండి.

ప్రశ్న: మా వంటనూనె రిఫైనరీలో శాప్ (పెద్ద సంస్థల ఆర్డర్లు, స్టాకు, లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది. బయటి పోర్టల్‌లోని డీలర్ ఆర్డర్లు శాప్‌లోకి రావడానికి ప్లాట్‌ఫామ్ కొనబోతున్నాం. ప్లాట్‌ఫామ్ ధర తప్ప ఇంకేమైనా చూడాలా?
– ఐటీ విభాగం, ముత్తుకూరు

జవాబు: శాప్ లైసెన్సే ముందు చూడాలి. మనిషి శాప్‌లోకి లాగిన్ కాకుండా బయటి సాఫ్ట్‌వేర్ ద్వారా ఆర్డర్ సృష్టిస్తే అది పరోక్ష వాడకం. 2018లో శాప్ తెచ్చిన డిజిటల్ యాక్సెస్ పద్ధతిలో తొమ్మిది రకాల డాక్యుమెంట్లు సృష్టించినప్పుడు లెక్కపెడతారు. అమ్మకాల డాక్యుమెంట్‌ను లైన్ల చొప్పున లెక్కిస్తారు. ఫైనాన్షియల్, మెటీరియల్ డాక్యుమెంట్లు ఒక్కొక్కటీ 0.2 వంతు. అంటే పది రకాల నూనె ప్యాకింగులున్న ఒక ఆర్డర్ పది లైన్లు అవుతుంది. మీ ఒప్పందం పాత యూజర్ లైసెన్సు పద్ధతిలో ఉందో, కొత్త పద్ధతిలో ఉందో తెలుసుకుని, గత ఏడాది ఆర్డర్ లైన్లు తీసి శాప్ భాగస్వామికి ఇచ్చి ధర అడగండి. డాక్యుమెంట్ సృష్టించకుండా చదవడానికి మాత్రమే అయితే ఈ డాక్యుమెంట్ లెక్క వర్తించదు, కాబట్టి స్టాకు చూపించే పనులను, ఆర్డర్ పెట్టే పనులను వేర్వేరు వరుసల్లో రాయండి. ఆ అంకె రాతపూర్వకంగా చేతికొచ్చేదాకా ప్లాట్‌ఫామ్ కొనుగోలు ఆర్డర్ ఆపి ఉంచండి.