ముడతల మూలం లోపలి పొరలో
చర్మ సంరక్షణ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా వయసు 44. స్టెమ్‌సెల్ క్రీమ్ రాస్తే వయసు మళ్లిన చర్మకణాలు మళ్లీ చురుగ్గా పనిచేస్తాయని ప్రకటనలో చూశాను. ధర నాలుగు వేలు. కొల్లాజెన్ పొడి కూడా తాగమంటున్నారు. కొనవచ్చా?
ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఆ డబ్బు దాచుకోండి. ప్రకటనలో చెప్పే కణాలు మాత్రం నిజంగానే ఉన్నాయి. పైచర్మం కింది పొరలో ఉండే వీటిని ఫైబ్రోబ్లాస్ట్‌లు అంటారు. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్‌ను, సాగదీస్తే మళ్లీ వెనక్కి వచ్చే గుణాన్నిచ్చే ఎలాస్టిన్‌ను తయారుచేసేవి ఇవే. చుట్టూ ఉన్న కొల్లాజెన్ నారలను పట్టుకుని ఈ కణాలు చాచుకుని ఉంటాయి. ఎండ వల్లో వయసు వల్లో ఆ నారలు తెగితే పట్టు పోయి, కణం ముడుచుకుంటుంది. ముడుచుకున్న కణం కొల్లాజెన్‌ను తక్కువగా, దాన్ని కోసే ఎంజైములను ఎక్కువగా తయారుచేస్తుంది. దాంతో ఇంకొన్ని నారలు తెగుతాయి. నెలసరి ఆగాక తొలి ఐదేళ్లలో ఈ నష్టం వేగంగా జరుగుతుంది కాబట్టి, మీ వయసులో జాగ్రత్త మొదలుపెట్టడం మంచిదే.

క్రీములో ఉండేది ఎక్కువగా మొక్కల కణాల సారం. ప్రాణమున్న స్టెమ్‌సెల్, అంటే కొత్త కణాలను పుట్టించే మూలకణం, సీసాలో నెలల తరబడి బతకదు. 500 డాల్టన్ల (డాల్టన్ అంటే అణువు బరువుకు కొలత) కంటే పెద్ద అణువులు సాధారణంగా పైచర్మాన్ని దాటలేవు, కొల్లాజెన్ అణువు దాదాపు మూడు లక్షల డాల్టన్లు. అందువల్ల కొల్లాజెన్ క్రీమ్ తేమ పట్టి ఉంచుతుందంతే. తాగే పొడి కడుపులో జీర్ణమై చిన్న ముక్కలవుతుంది, అవి నేరుగా ముఖానికే చేరతాయనే భరోసా ఏమీ లేదు. కొల్లాజెన్ తయారీకి విటమిన్ సి తప్పనిసరి. వంద గ్రాముల జామపండులో అది 200 మిల్లీగ్రాములకు పైగానే ఉంటుంది. రోజూ పప్పో గుడ్డో, ఒక జామకాయో తినండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో పన్నెండేళ్లుగా క్యాబ్ నడుపుతున్నాను. ఎడమ చెంప కంటే కుడి చెంప నల్లబడి, గీతలు పడింది. అద్దాలు ఎక్కించే ఉంచుతాను. ఎందుకిలా?
ఒక పాఠకుడు

జవాబు: ఎండలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు యూవీఏ, యూవీబీ అని రెండు రకాలుగా మనల్ని చేరతాయి. చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలను అద్దం చాలావరకు ఆపుతుంది. యూవీఏను అంతగా ఆపదు. ముందు అద్దం రెండు పొరలది కాబట్టి కొంత నయం, డ్రైవర్ పక్కనున్న అద్దం నుంచే ఎక్కువ వస్తుంది. యూవీఏ నేరుగా ఫైబ్రోబ్లాస్ట్‌లుండే పొర దాకా దిగుతుంది. మంట పుట్టదు గనుక మనకు తెలియదు. అమెరికాలో 28 ఏళ్లు లారీ నడిపిన 69 ఏళ్ల డ్రైవర్ ఫొటో 2012లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు కాబట్టి అతని ముఖంలో ఎడమ సగమే ముడతలు పడి వేలాడింది. మనకు కుడివైపు.

మీకు కావలసింది ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ (రెండు రకాల కిరణాలనూ ఆపేది) అనీ, ఎస్‌పీఎఫ్ 30 లేదా 50 (ముఖ్యంగా యూవీబీ నుంచి రక్షణకు కొలత) అనీ, పీఏ (యూవీఏ నుంచి రక్షణకు కొలత) పక్కన మూడు నాలుగు ప్లస్‌లనీ ఉన్న సన్‌స్క్రీన్. చూపుడువేలు, మధ్యవేలు మీద మొదలు నుంచి కొస దాకా రెండు చారలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. చాలామంది ఇందులో సగం కూడా రాయరు, అప్పుడు ట్యూబు మీద రాసిన రక్షణ దక్కదు. బండి ఎక్కడానికి 15 నిమిషాల ముందు రాయండి, కుడి చెవినీ ముంజేతినీ మరవకండి. చెమట తుడుచుకున్నాక, లేదా రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఆస్ట్రేలియాలోని నాంబోర్‌లో 55 ఏళ్ల లోపువారు 903 మందిని నాలుగున్నరేళ్లు పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. రోజూ రాసినవారిలో చర్మం ముదరడం, ఇష్టమొచ్చినప్పుడు రాసినవారి కంటే 24 శాతం తక్కువ. ఇంత గట్టి రుజువున్న ముడతల క్రీమ్ అంగట్లో అరుదు.

ప్రశ్న: డాక్టరు గారు ట్రెటినాయిన్ 0.025 శాతం రాశారు. మూడు రాత్రులు రాసేసరికి ముఖం మండి, పొట్టు లేచింది. మానేశాను. నాకు పడదేమో?
ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పడకపోవడం కంటే, చర్మం అలవాటు పడేలోపే ఎక్కువ రాయడం వల్ల ఇలా జరుగుతుంటుంది. ట్రెటినాయిన్ విటమిన్ ఎ జాతి మందు. ఇది కణం లోపలికి వెళ్లి, కొల్లాజెన్ తయారీని పెంచి, కోసే ఎంజైములను తగ్గిస్తుంది. వదులుకోవలసిన మందు కాదు. మంట పూర్తిగా తగ్గేదాకా మాయిశ్చరైజర్ మాత్రమే వాడి, డాక్టరుకు చెప్పి మళ్లీ ఇలా మొదలుపెట్టండి.

రాత్రి ముఖం కడుక్కుని 20 నిమిషాలు పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద రాస్తే మందు ఎక్కువగా లోపలికి దిగి మంట పెరుగుతుంది. ముందు మాయిశ్చరైజర్, తర్వాత బఠాణీ గింజంత మందు నుదురు, రెండు చెంపలు, ముక్కు, గడ్డం మీద చుక్కలుగా పెట్టి పలచగా పరచండి, పైన ఇంకోసారి మాయిశ్చరైజర్. కళ్ల మూలలు, ముక్కుపుటాల అంచులు, పెదాల కొసలు వదిలేయండి. మొదటి రెండు వారాలు వారానికి రెండు రాత్రులే. తర్వాత రాత్రి విడిచి రాత్రి. అక్కడే ఆగినా ఫరవాలేదు, రోజూ రాయలేకపోయామని బాధపడనక్కర్లేదు.

పగలు సన్‌స్క్రీన్ లేకుండా ఈ మందు వాడొద్దు. వ్యాక్సింగ్‌కు వారం ముందే ఆపండి, లేకపోతే పైచర్మం ఊడివస్తుంది. గర్భం ధరించినా, అందుకు ప్రయత్నిస్తున్నా మానేయాలి. గీతల్లో తేడా కనిపించడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, మంచి ఫలితానికి ఏడాది.

ప్రశ్న: సున్నిపిండిలో నిమ్మరసం కలిపి రుద్దితే ముడతలు పోతాయా?

జవాబు: పోవు. సున్నిపిండి మురికిని, జిడ్డును తీస్తుంది, లోపలి కణాలను తాకదు. గట్టిగా రుద్దితే మంగు మచ్చలు ముదురుతాయి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి నల్లటి మరకలు పడతాయి. వంటకే వాడండి.

ప్రశ్న: మందుల షాపులో ఇచ్చిన క్రీమ్‌తో నెలలోనే ముఖం తెల్లబడింది. ఏడాదిగా వాడుతున్నాను. ఇప్పుడు ఒక పూట మానితే ఎర్రబడి మండుతోంది, చెంపల మీద సన్నని నరాలు కనిపిస్తున్నాయి.
ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ట్యూబు మీద బీటామెథాసోన్, మోమెటాసోన్, క్లోబెటాసాల్ లాంటి పేరుందేమో చూడండి. ఇవి స్టెరాయిడ్లు. ఫైబ్రోబ్లాస్ట్‌ల చేత కొల్లాజెన్ తయారీనే మాన్పిస్తాయి. చర్మం కాగితంలా పలచబడి కింది రక్తనాళాలు బయటికి కనిపించేది అందుకే. చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం ఇలాంటి క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అయినా అమ్ముతూనే ఉన్నారు. మీరు ఒక్కసారిగా మానితే మంట ఇంకా ఎక్కువవుతుంది. ఈ వారంలోనే ఆ ట్యూబు తీసుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. వాడకాన్ని నెమ్మదిగా ఎలా తగ్గించాలో, బదులుగా ఏం రాయాలో వాళ్లు చెబుతారు. అప్పటిదాకా వాసన లేని మాయిశ్చరైజర్, గొడుగు, టోపీ చాలు. ఫేషియల్, బ్లీచ్, ట్రెటినాయిన్ ఏవీ దగ్గరికి రానివ్వకండి.