తోచట్లేదంటే తోచనివ్వు

చిరంజీవి రవికి,

అత్తయ్య ఆశీస్సులు. ఈ ఏడు పిల్లలిద్దర్నీ సమ్మర్ క్యాంపుల్లో వెయ్యకుండా ఇంట్లోనే ఉంచుకుంటున్నావనీ, ఆఫీసు పని ఇంటి నుంచి చేసుకుంటూ నువ్వే చూసుకుంటావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముందు నమ్మలేదు. మన ఇంట్లో మగవాళ్లు పిల్లల్ని చూసుకోవడమంటే సాయంత్రం పూట భుజానెక్కించుకుని వీధి చివరిదాకా వెళ్లి రావడమే. గర్వంగానే ఉందిరా. కానీ మీ ఆవిడ బ్యాంకుకి వెళ్లిపోయాక ఆ కూకట్‌పల్లి ఫ్లాట్‌లో తొమ్మిదేళ్ల పిల్ల, అయిదేళ్ల పిల్లాడు, నువ్వు, నీ లాప్‌టాప్. తలుచుకుంటే గుండె దడగా ఉంది. ఫోన్‌లో చెప్తే "సరే అత్తయ్యా, మీటింగ్ ఉంది" అంటావు. అందుకే రాస్తున్నాను.

ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు. పదకొండు నుంచి నాలుగు దాకా గడప దాటనివ్వకు, మజ్జిగలో కాస్త ఉప్పు వెయ్యి, సబ్జా గింజలు నానబెట్టు. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. రోళ్లు పగిలే ఎండలంటారు, ఆ రెండు వారాలూ పొద్దు వాలేదాకా పార్కు మాట ఎత్తకు.

మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. నువ్వు ఎక్సెల్‌లో టైమ్‌టేబుల్ వేశావట. ఏడింటికి యోగా, తర్వాత డ్రాయింగు, తెలుగు అక్షరాలు, చెస్సు, అరగంటకో రంగు. ఆవిడ మురిసిపోతూ చెప్పింది. నాకు మాత్రం మీ తాతయ్య కళ్ల ముందు నిలబడ్డారు.

ఆయన మా ఊళ్లో హెడ్మాస్టరు కదా. సెలవులిచ్చిన మర్నాడే తెల్ల కాగితం మీద ఎర్ర సిరాతో గళ్లు గీసి, మైదా జిగురుతో వరండా గోడకి అంటించేవారు. అయిదింటికి లేవడం, ఎక్కాలు, కాపీరాత, హిందీ, ఇంగ్లీషు గ్రామరు, రోజుకి రెండు శతక పద్యాలు. సాయంత్రం ఆట కూడా ఆటగా ఉండేది కాదు, "వ్యాయామం" అని రాసి ఉండేది. చెడ్డ మనిషి కాదు. సెలవుల్లో పిల్లలు పాడైపోతారని నిజంగానే బెంగపడేవారు. ఆ కాగితం మొత్తం మీద మమ్మల్ని ఎవరూ చూడని గడి ఒక్కటే, మధ్యాహ్నం భోజనాలయ్యాక "విశ్రాంతి". ఆయనా, మీ నాయనమ్మా వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లుకుని, తలుపులు దగ్గరగా వేసుకుని నిద్రపోయేవారు.

మా పాలకొల్లు వైపు వేసవి ఎలా ఉంటుందో నీకు తెలుసు. దాళ్వా, అదే రెండో పంట వరి, అయ్యాక కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందే ఊరి మంచినీళ్ల చెరువు నింపి ఉంచుతారు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి మళ్లీ నీళ్లు వదిలేదాకా ఊరంతటికీ ఆ నీళ్లే. అంటే పిల్లలకి సెలవులిచ్చేసరికి కాలువ ఎండిపోతుంది, చెరువు గట్టుదాకా ఉంటుంది. మీ నాన్నకి అప్పుడు పదేళ్లు. పక్కింటి కుర్రాణ్ణి తీసుకుని ఆ విశ్రాంతి వేళ చెరువుకి పోయాడు. రేవు మెట్లకి పాచి. ఈత ఇద్దరికీ రాదు. ఊరంతా నిద్రలో ఉంది. కావిడితో నీళ్లకొచ్చిన ఒకతను, గట్టు మీద కుర్రాడు నోట మాట రాక నిలబడి ఉండటం చూసి, కావిడి పడేసి దూకి, జుట్టు పట్టుకుని మీ నాన్నని లాగాడు. తడిసి ముద్దయినవాణ్ణి భుజాన వేసుకుని అతను మన వీధిలోకి వస్తుంటే అరుగు మీద ఉన్నది నేను. చేతులు వేలాడుతున్నాయి. పోయాడనే అనుకున్నాను.

మర్నాడు మీ తాతయ్య ఏం చేశారనుకున్నావు? "విశ్రాంతి" కొట్టేసి అక్కడ "చేతిరాత" అని రాశారు! ఖాళీ దొరకబట్టే వాడు చెరువుకి పోయాడని ఆయన లెక్క. రోజంతా ఊపిరాడకుండా గళ్లలో పెడితే, దొరికిన కాస్త ఖాళీనీ పిల్లలు పెద్దవాళ్ల కళ్లుగప్పే వాడుకుంటారని ఎవరు చెప్తారు ఆయనకి? మాకు నోరెక్కడిది? మీ నాన్న ఇప్పటికీ మోకాలి లోతు దాటి నీళ్లలో దిగడు. 2015 పుష్కరాల్లో రేవు మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకుంటుంటే నువ్వు పగలబడి నవ్వావు. ఆ రోజే చెప్పాలనుకున్నాను. వాడే వద్దని సైగ చేశాడు.

అందుకని ఆ ఎక్సెల్ తీసెయ్. స్నానం, భోజనం, పడుకునే వేళ, ఈ మూడూ తప్పకుండా చూసుకో. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇంట్లో ఏదో ఒక నిజం పని చేయించు. ఆవకాయ ఎలాగూ పెడతారుగా, పెద్దదానికి గుడ్డ ఇచ్చి కాయలు తుడవమను. కొట్టిన ముక్కల్లోంచి జీడి, లోపలి పొర తీసెయ్యడం పిల్లలకి మహా సరదా. కారం కలిపేటప్పుడు మాత్రం చిన్నాణ్ణి దగ్గరికి రానివ్వకు, అదే చేత్తో కళ్లు నలుపుకుంటాడు. చిన్న రసాలు తెచ్చిన రోజు చొక్కాలు విప్పించి బాల్కనీలో కూర్చోబెట్టు. తర్వాత బాల్కనీ కడగమంటే దానికీ పోటీ పడతారు.

మిగతా పొద్దంతా వదిలెయ్. పిల్ల "తోచట్లేదు నాన్నా" అంటుంది. గంటకోసారి అంటుంది. కంగారుపడి ఫోన్ చేతికివ్వకు. తోచకపోవడం జబ్బు కాదు. కాసేపు మంచం మీద దొర్లి, తమ్ముణ్ణి గిల్లి, ఆ తర్వాత వాళ్లమ్మ చున్నీలు కుర్చీలకి కట్టి ఇల్లు కట్టుకుంటుంది. నువ్వు వెళ్లి ఫొటో తియ్యకు. తీశావంటే రేపటి నుంచి నీ మెప్పు కోసం కడుతుంది.

మధ్యాహ్నం మాత్రం నువ్వు పక్కనుండాలి. ఆ వేళ మీటింగులు పెట్టుకోకు, కునుకు అసలే తియ్యకు. నేల మీద సుద్దముక్కతో 5 అడ్డం, 5 నిలువు గళ్లు గీస్తే అష్టాచెమ్మా. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలు ఒక వైపు అరగదీసుకోండి. పెద్దదానికి పులిజూదం నేర్పు, 3 పులులు, 15 మేకలు. దాన్ని మేకలు తీసుకోనిచ్చి నువ్వు పులులతో ఆడు. కావాలని ఓడిపోకు, ఇట్టే పట్టేస్తుంది. నువ్వు దాని వయసులో ఓడిపోతే మేకల్ని గుప్పిట్లో పట్టుకుని పారిపోయేవాడివి, అదీ చెప్పు.

మీ అపార్ట్‌మెంటులో స్విమ్మింగ్ పూల్ ఉందని మీ అమ్మ గొప్పగా చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈత నేర్పించు, తప్పకుండా నేర్పించు. నేర్చుకుంటున్నంతసేపూ ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లి గట్టు మీద కూర్చో. మునిగిపోయేవాళ్లు సినిమాల్లోలాగా కేకలు పెట్టరురా, చప్పుడే ఉండదు. సంపు మూతకి తాళం ఉందేమో వాచ్‌మన్‌ని అడుగు. ఉందన్నా సరే, నువ్వే వెళ్లి చూసి రా. నవ్వుకుంటే నవ్వుకో.

ఇంకొకటి. నీకు కోపం ఎక్కువ. అరిచేసి ఆ తర్వాత అన్నం తినకుండా కూర్చుంటావు, చిన్నప్పటి నుంచీ అంతే. అరవబోయే ముందు వాళ్లకి టీవీ పెట్టేసి వెళ్లి మొహం కడుక్కో. ఒక గంట టీవీ చూస్తే ప్రాణాలేం పోవు. వంట గురించి టెన్షన్ పడకు. పప్పు, వడియాలు, గడ్డ పెరుగు ఉంటే చాలు. నువ్వు కూడా వేళకి తిను నాన్నా, మొన్న వీడియో కాల్‌లో బాగా చిక్కినట్టు కనపడ్డావు.

పిల్లల్ని ఇక్కడికి తీసుకొచ్చేట్టయితే మే నెల మధ్యలోనే రా. చెరువు చుట్టూ ఇప్పుడు కంచె వేశారు. జూన్‌లో అయితే వద్దు. ఎండిన కాలువలో ఆడుకోవడానికి అలవాటుపడ్డ పిల్లలు, నీళ్లు వదిలారని తెలిసేలోపే దిగిపోతారు. మన పెరట్లో నూతికి ఇనప గ్రిల్ చేయిస్తున్నాను. వెల్డింగతను ఇదిగో అదిగో అంటున్నాడు. అది బిగించాక ఫోన్ చేస్తాను, అప్పుడు తియ్యి నర్సాపురం ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు.

మీ అత్తయ్య