నర్సింగ్ హోం నుంచే బిడ్డను ఇప్పిస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

సందేహం: మాది కావలి దగ్గర పల్లె. పెళ్లయి పదకొండేళ్లయినా పిల్లల్లేరు. నెల్లూరులో ఒక నర్సింగ్ హోంలో పెళ్లికాని అమ్మాయికి వచ్చే నెల కాన్పు ఉందనీ, ఆ బిడ్డను మాకు ఇప్పిస్తాననీ ఒకాయన చెప్పాడు. మొత్తం నాలుగు లక్షలు. యాభై వేలు అడ్వాన్సు ఫోన్‌పేలో పంపాం. బర్త్ సర్టిఫికెట్ నేరుగా మా పేర్ల మీదే వస్తుందట, నోటరీ కూడా చేయిస్తారట. ఇప్పుడు ఇంకో లక్ష అడుగుతున్నాడు. రేపు ఏమన్నా ఇబ్బంది వస్తుందా?

జవాబు: ముందు ఆ లక్ష పంపకండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

బర్త్ సర్టిఫికెట్ నేరుగా మీ పేర్ల మీదే అన్నాడు చూడండి, మీకు ధైర్యం ఇచ్చింది ఆ మాటే, మిమ్మల్ని ముంచేదీ అదే. అది ఎట్లా వస్తుంది? కన్నది ఎవరో అయినా, మీ ఆవిడే అడ్మిట్ అయినట్టు, ఆమెకే కాన్పు అయినట్టు కేస్ షీట్ రాస్తేనే వస్తుంది. అది దత్తత కాదు, దొంగ రికార్డు. దాంట్లో సంతకం మీ ఆవిడది ఉంటుంది, మధ్యవర్తిది ఎక్కడా ఉండదు.

ఇక నోటరీ. ఈ మధ్య ఒకాయన అట్లాంటి కాగితమే తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. వంద రూపాయల స్టాంపు పేపరు, 'మా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా' అని టైపు కొట్టి ఉంది, కింద ఒక వేలిముద్ర, తల్లి పేరు రాయాల్సిన చోట మాత్రం చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి. ఈ వేలిముద్ర ఎవరిదండీ అంటే ఆయన భార్య వంక చూశాడు, ఆమె నా వంక చూసింది.

జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లో సెక్షన్ 81 ఉంది. బిడ్డను అమ్మినవాళ్లకే కాదు, కొన్నవాళ్లకూ ఐదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష జరిమానా. ఆస్పత్రి సిబ్బందే ఆ పని చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది, ఆస్పత్రి నుంచి పసిబిడ్డను అట్లా తరలిస్తే ముందు ఆ ఆస్పత్రి లైసెన్సు సస్పెండ్ చేయాలని. జైలు మాట అట్లుంచండి. రెండేళ్లు పెంచి, 'అమ్మా' అని పిలిపించుకున్నాక పోలీసులు వచ్చి బిడ్డను బాలల సంక్షేమ సమితికి అప్పగిస్తే ఏం చేస్తారు? అప్పుడు నా దగ్గరికి వచ్చినా నేను చేయగలిగేది తక్కువ.

మీవాడు హిందూ దత్తత చట్టం, 1956 పేరు కూడా ఎత్తొచ్చు. కన్నవాళ్లు నేరుగా దత్తత ఇవ్వొచ్చు, నిజమే. మీ అన్న బిడ్డనో, తెలిసినవాళ్ల బిడ్డనో తీసుకుంటే సాధారణంగా ఆ దారే. కానీ ఇచ్చే తల్లో తండ్రో ఎదురుగా ఉండి బిడ్డను మీ చేతుల్లో పెట్టాలి, పత్రం నోటరీతో సరిపెట్టకుండా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవాలి, డబ్బు మాత్రం చేతులు మారకూడదు. మారితే సెక్షన్ 17 కింద ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ ఆరు నెలల దాకా జైలు ఉంది.

నిజంగానే బిడ్డను పెంచలేని తల్లి ఉంటే ఆమె వెళ్లాల్సింది సంక్షేమ సమితి దగ్గరికి. అక్కడ రాసిచ్చాక కూడా మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలలు గడువు ఉంటుంది. కాన్పు కాగానే చేతికిచ్చే ఏర్పాటు అక్కడ ఉండదు.

ముక్కూ మొహం తెలియనివాళ్ల బిడ్డ కావాలంటే మీకున్న దారి దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ 'కారా' (CARA) పోర్టల్ ఒక్కటే. పక్కా అడ్రసు చూసుకోండి, ఆ పేరుతో డబ్బులు గుంజే దొంగ సైట్లూ ఉన్నాయి. అర్థం కాకపోతే నెల్లూరులో జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లి అడగండి. ఇంటికి వచ్చి చూసి రిపోర్టు రాసినందుకు 6,000, బిడ్డను ఇచ్చే సంస్థకు 50,000, అన్నిటికీ రసీదు ఉంటుంది. రెండేళ్లలోపు బిడ్డకైతే మీ ఇద్దరి వయసులూ కలిపి 85 దాటకూడదు. ఆలస్యం అవుతుంది, మూడేళ్లు దాటడం మామూలే, అందుకే జనం మధ్యవర్తుల వెంట పడతారు. కానీ ఆ వరసను ఏ డబ్బూ జరపలేదు. మీ వంతు వచ్చినప్పుడు బిడ్డ వివరాలు మీ లాగిన్‌లోనే కనిపిస్తాయి, 48 గంటల్లో సరే అనాలి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కలెక్టరే. ఆ ఉత్తర్వు మీద బర్త్ సర్టిఫికెట్ మీ పేర్లతోనే వస్తుంది. వాడు నాలుగు లక్షలకు బేరం పెట్టిన కాగితం అదే కదండీ.

అడ్వాన్సు సంగతి. తిరిగొస్తుందని నేను మాట ఇవ్వలేను. అది పోతుందన్న టెన్షన్‌తోనే మీరు లక్ష పంపేలా ఉన్నారు, వాడికి కావాల్సిందీ అదే. ఫోన్‌పే స్క్రీన్ షాట్లు, వాట్సాప్ వాయిస్ మెసేజిలు డిలీట్ చేయకండి. ఒక లాయర్‌ను వెంటబెట్టుకుని పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి, డబ్బు ఇచ్చిన విషయం దాచకుండా రాయండి. మీరు బిడ్డను తీసుకోకముందే, మీ అంతట మీరే వెళ్లడం మీకు చాలా మేలు. ఆ గర్భిణి లేనేలేకపోతే ఇది మామూలు చీటింగ్ కేసు. ఉంటే, ఆమె మైనరైనా కావచ్చు, అందుకే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు కూడా చెప్పండి.

మీ ఆవిడ ఆధార్ జిరాక్సు వాడికి ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇచ్చి ఉంటే అదీ ఫిర్యాదులో ఉండాలి, కేస్ షీట్‌లో ఆమె పేరు ఇప్పటికే ఎక్కి ఉండొచ్చు.